చర్చి మైదానములో గిటారు



పోయిన నెలలో ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసింది. ఊరి పేరు వేయవద్దన్నది గనుక వేయడము లేదు. ఆమె కుమారుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. వేసవి సెలవులలో మామిడికాయల కోతకు కూలికి వెళ్ళి, ఆ డబ్బుతో ఒక పాత గిటారు కొన్నాడు. ఫోనులో చూచి వ్రేళ్ళు పెట్టడము నేర్చుకున్నాడు. ఇప్పుడు మరి ముగ్గురు పిల్లలను కూడగట్టుకొని "రాక్ బ్యాండ్ పెడతాము" అంటున్నాడట. తండ్రి ఆ గిటారును పొయ్యిలో పెడతానన్నాడు. సంఘ పెద్ద ఒకాయన అది సాతాను వాద్యమని ప్రార్థన కూటములోనే చెప్పాడు. "అయ్యగారూ, వాడు రెండు రోజులు అన్నము ముట్టలేదు. నేను ఎవరి పక్షముగా మాట్లాడాలి?" అని ఆ తల్లి అడిగింది.

ఈ ఉత్తరమునకు మేము వెంటనే జవాబు వ్రాయలేకపోయాము. ఎందుకో చివరకు చెప్తాము.

మన ఊళ్ళలో బ్యాండు అంటే పెళ్ళి ఊరేగింపులో ఎర్రకోట్లు వేసుకొని ముందు నడిచే బ్యాండుమేళమే. రాక్ బ్యాండు అది కాదు. నలుగురైదుగురు యౌవనులు కరెంటు గిటార్లు, డ్రమ్ములు పట్టుకొని తామే పాడుతూ తామే వాయించే చిన్న జట్టు అది. మన పిల్లలు ఫోనులో చూచేది పెద్ద స్టేజీ, రంగురంగుల దీపాలు, లక్షల జనము. అయితే అటువంటి జట్టు ఏదీ స్టేజీ మీద పుట్టలేదు. ఏదో ఒక వీధిలో, ఏదో ఒక గదిలో పుట్టింది. ఆ గది ఎవరిది, దాని తలుపు ఎవరు తీశారు అన్న సంగతి మేము కొంత చదివి తెలుసుకున్నాము. అది తల్లిదండ్రులకును సంఘ పెద్దలకును తెలియవలసిన సంగతి అని తోచి ఈ నెల దానినే వ్రాస్తున్నాము.

ఇంగ్లండు దేశములో లివర్‌పూల్ అనే ఓడరేవు పట్టణమున్నది. ఆ పట్టణపు శివారు వుల్టన్. అక్కడ సెయింట్ పీటర్స్ అనే ఆంగ్లికన్ దేవాలయమున్నది. 1957 జూలై 6, శనివారము, ఆ దేవాలయమువారు తమ వార్షిక ఉత్సవము జరుపుకొన్నారు. మన సంఘాలలో కోతకాలపు కృతజ్ఞతా పండుగ నాడు కూరగాయలు, కోళ్ళు వేలము వేసి, తినుబండారాల అంగళ్ళు పెట్టుకుంటాము గదా, ఇంచుమించు అటువంటిదే. లారీల మీద ఊరేగింపు, ఒక చిన్నపిల్లకు గులాబీల రాణి అని కిరీటము పెట్టడము, పోలీసు కుక్కల విన్యాసాలు, సాయంత్రము చర్చి హాలులో వినోద కార్యక్రమము, దానికి రెండు షిల్లింగుల టికెట్టు. ఆ ఊరేగింపులో ఒక లారీ మీద కొందరు బడిపిల్లలు వాద్యాలు వాయించారు. వారి జట్టు పేరు క్వారీమెన్. నాయకుడు జాన్ లెనన్, పదహారేండ్లవాడు. అతడు పరాయివాడు కాడు. ఆ దేవాలయములోనే సండే స్కూలు పిల్లవాడు, ఆ గాయకబృందములోనే పాడినవాడు.

వారు వాయించిన వాద్యాల సంగతి వింటే మీకు నవ్వు వస్తుంది. ఒకడు బట్టలు ఉతికే గరుకు రేకు పలకను వ్రేళ్ళకు తొడుగులు వేసుకొని గీస్తాడు. మరొకడు టీ పొడి దిగుమతి అయ్యే చెక్కపెట్టెను బోర్లించి, దానికి చీపురు కర్ర నిలబెట్టి, తాడు కట్టి మీటుతాడు. అస్సాము నుండి, సింహళము నుండి టీ అటువంటి పెట్టెలలోనే అక్కడి రేవులకు వచ్చేది. మిగిలినవారి చేతులలో చవుక రకము గిటారు ఒకటి రెండు. దీనిని స్కిఫుల్ అన్నారు. 1956లో లోనీ డోనెగన్ అనే గాయకుడు ఈ పద్ధతిలో పాడిన పాట ఆ దేశమంతా మోగిపోయింది. సంగీతము నేర్చుకోవడానికి పియానోయే అక్కరలేదు, మాస్టరుగారే అక్కరలేదు, ఇంట్లో ఉన్న డబ్బా చాలు అని పేదపిల్లలకు తెలిసిపోయింది. ఊరూరా వందలకొద్దీ జట్లు లేచాయి.

ఆ సాయంత్రము చర్చి హాలులో ఒక స్నేహితుడు మరొక పిల్లవానిని తీసుకొనివచ్చి జానుకు పరిచయము చేశాడు. అతడు పాల్ మెకార్ట్నీ, అప్పటికి పదునైదేండ్లు. జాను తన గిటారును తల్లి నేర్పిన బాంజో పద్ధతిలో శ్రుతి చేసుకొని వాయిస్తూ ఉంటే, ఈ పిల్లవాడు అసలు పద్ధతిలో వాయించి, పాట మాటలన్నీ తప్పు లేకుండ పాడి చూపించాడు. జాను కొన్నాళ్ళు ఆలోచించాడు. తనకంటె బాగా వాయించేవానిని చేర్చుకొంటే తన నాయకత్వము ఏమగునో అని! చివరకు చేర్చుకొన్నాడు. తరువాత లోకమంతటికి తెలిసిన బీటిల్స్ అనే జట్టు ఆ చర్చి హాలులో మొదలైందని చెప్పవచ్చును. ఆనాడు ఒకాయన టేపు రికార్డరులో పట్టిన ఆ పిల్లల పాట 1994లో లండనులో వేలమునకు వచ్చి 78,500 పౌండ్లకు అమ్ముడైంది. ఆ ఉత్సవ కమిటీవారికి ఆనాడు ఈ మాట చెప్పియుంటే నమ్మియుండరు. పిల్లలు ఏదో గోల చేస్తున్నారు, చేయనీ అనుకొని ఉంటారు. ఆ "చేయనీ" అనే మాట చిన్నది కాదని మా అభిప్రాయము.

ఇంకొక సంగతి. ఆ ఇద్దరు పిల్లల ఇళ్ళలోనికి తొంగి చూడండి. పాల్ తల్లి నర్సు. 1956 అక్టోబరు 31న రొమ్ము క్యాన్సరుతో చనిపోయింది. అప్పటికి అతనికి పదునాలుగేండ్లు. తండ్రి పత్తి వ్యాపారపు కంపెనీలో అమ్మకాల ఉద్యోగి. కొడుకుకు పుట్టినరోజున బాకా కొనియిస్తే, బాకా ఊదుతూ పాడలేను గదా అని దానిని ఇచ్చి గిటారు తెచ్చుకొన్నాడు. అది ఎడమచేతి వాటము పిల్లవాడు, గనుక తీగలు తిరగవేసుకొని వాయించాడు. జానును పెంచినది పెద్దమ్మ. కన్నతల్లి దగ్గరలోనే ఉండి, వచ్చినప్పుడు బాంజో నేర్పేది. 1958 జూలై 15న ఆమె కారు క్రింద పడి మరణించింది. ఇద్దరు తల్లిలేని పిల్లలు ఒక గదిలో కూర్చొని గిటార్లు మీటుకున్నారు. ఒకరి దుఃఖము ఒకరికి నోటితో చెప్పుకొని ఉండరు, ఆ వయస్సు మగపిల్లలు చెప్పుకోరు. మేము పాస్టరుగా ఎన్నో ఇళ్ళకు వెళ్ళాము, ఆ మాట మాత్రము అనుభవము మీద వ్రాస్తున్నాము.

వారి జట్టులో తరువాత డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ సంగతి ఇంకా చిత్రము. బీదల పేటలో పుట్టి, ఆరేండ్లకే కడుపులో చీము పట్టి నెలల తరబడి ఆసుపత్రి, మరల పదమూడవ ఏట ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రి. ఆ వార్డులో పిల్లలకు పొద్దు పోవడానికి చిన్నచిన్న వాద్యాలు ఇచ్చి వాయింపించేవారు. అతని చేతికి మొదట డ్రమ్ము వచ్చినది ఆ రోగుల మంచము మీదనే. నాలుగవవాడు జార్జ్ హారిసన్ బస్సు డ్రైవరు కుమారుడు. వీరెవ్వరు పెద్దింటి బిడ్డలు కారు.

ఆ రోజులలో లివర్‌పూల్‌లో ఇటువంటి జట్లు వందల సంఖ్యలో ఉండేవి. ఒక జట్టు డ్రమ్మరును మరొక జట్టు అరువు అడిగేది. హెస్సీ అనే వాద్యాల దుకాణములో పిల్లలు గిటార్లు వాయిదాల మీద కొనేవారు. వారి వార్తల కొరకే 1961 జూలైలో మెర్సీ బీట్ అని ఒక పత్రిక కూడ వెలువడింది. అన్నిటికంటె ముఖ్యము, వారు పాడడానికి చోట్లుండేవి: మునిసిపలు హాళ్ళు, చర్చి హాళ్ళు, పండ్ల గోదాము క్రింది నేలమాళిగలో కావెర్న్ అనే క్లబ్బు. ఆ కావెర్న్‌లో గోడల నుండి చెమట కారేదట. అయినను మధ్యాహ్నపు భోజన విరామములో ఆఫీసులలో పనిచేసే ఆడపిల్లలు కూడ వచ్చి విని వెళ్ళేవారు. 1961 నుండి 1963 వరకు బీటిల్స్ అక్కడ 292 సార్లు వాయించారని లెక్క.

ఈ చోట్లలో మాకు మిక్కిలి నచ్చినది ఒక తల్లి ఇల్లు. ఆమె పేరు మోనా బెస్ట్. మన దేశములోనే, ఢిల్లీలో పుట్టినది. ఆమె పెద్ద కుమారుడు పీట్ 1941లో మద్రాసులో పుట్టాడు. అప్పుడు మన కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రములోనివే గనుక, బీటిల్స్ జట్టుకు 1962 వరకు డ్రమ్ములు వాయించినవాడు మన రాజధానిలో పుట్టినవాడే అని చెప్పుకోవచ్చును! 1945లో వారు ఓడ ఎక్కి లివర్‌పూల్ చేరారు. ఆమె తన నగలు తాకట్టు పెట్టి గుఱ్ఱపు పందెములో గెలిచి పెద్ద ఇల్లు కొన్నదని చెప్తారు. ఆ భాగము మన సహోదరీలు అనుసరించవద్దు. కొడుకులు, వారి స్నేహితులు ఎక్కడెక్కడో తిరగడము చూచి ఆమె ఒక పని చేసింది. ఇంటి క్రింది నేలమాళిగను ఖాళీ చేయించి, పిల్లలచేతనే రంగులు వేయించి, 1959 ఆగస్టు 29న వారికి ఒక కాఫీ క్లబ్బు తెరిచింది. జాను, పాలు, జార్జి అక్కడ గోడలకు రంగులు వేసినవారే, అక్కడ వాయించినవారే. అక్కడ అమ్మినది కాఫీ, కూల్ డ్రింకులు. సారాయి లేదు. పైన తల్లి కాపురము, క్రింద పిల్లల పాట.

మరుసటి సంవత్సరము, 1960 ఆగస్టులో, ఆ పిల్లలే జర్మనీలోని హాంబర్గు రేవుకు వాయించడానికి వెళ్ళారు. ఆ పేట పేరు సెయింట్ పౌలి, అనగా అపొస్తలుడైన పౌలు పేరే. పేరుకు అపొస్తలుడు, పనికి వేశ్యావాటిక. రాత్రంతా తాగుబోతుల ఎదుట వాయించాలి, నిద్ర రాకుండ మాత్రలు మ్రింగాలి. జార్జికి పద్దెనిమిదేండ్లు నిండలేదని పోలీసులు నవంబరులో దేశము నుండి పంపివేశారు. సంగీతము అక్కడ గట్టిపడిందని వారే చెప్పుకొన్నారు, నిజమే కావచ్చు. మేము చూచినది వేరు. పిల్లలు వారే, గిటార్లు అవే, వాయించే పాటలు కూడ చాలావరకు అవే. తల్లి తెరిచిన గదిలో కాఫీ దొరికింది, క్లబ్బు యజమాని తెరిచిన గదిలో సారాయి దొరికింది. పిల్లలు ఎక్కడో ఒక చోట వాయించి తీరుతారు. గది ఎవరు ఇస్తారన్నదే మన చేతిలోనున్న సంగతి.

ఇది చదివి మా పెద్దలు కొందరు, "అయ్యగారూ, ఆ జాను లెననే గదా తాము యేసుకంటె ఎక్కువ ప్రసిద్ధులమని కూసినది?" అని తప్పక అడుగుతారు. అవును, అతడే. 1966 మార్చిలో లండను పత్రికవారితో అన్నాడు. ఆ వేసవిలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వారి రికార్డులను కుప్పపోసి కాల్చారు. ఆగస్టులో షికాగోలో విలేఖరుల ఎదుట అతడు క్షమాపణ వంటిది చెప్పుకొన్నాడు. ఆ మాట దైవదూషణ వంటిదే, దానిని మేము సమర్థించము. ఆ తరువాత వారు మత్తుమందుల లోనికి, గురువుల లోనికి వెళ్ళిన సంగతియు దాచము. మీ కుమారుడు వారివలె కావాలని ఏ తల్లికిని చెప్పము. కాని పెద్దలారా, ఆ మాట అతడు అన్నది చర్చి మైదానములో వాయించిన తొమ్మిదేండ్లకు. ఆ తొమ్మిదేండ్లలో అతని చుట్టు ఎవరున్నారు? క్లబ్బులవారు, టికెట్లవారు, రికార్డులవారు. రికార్డులు కాల్చిన మంట దగ్గరకు మాత్రము విశ్వాసులు వందలకొద్దీ వచ్చారు.

పాల్ మెకార్ట్నీ సంగతి కూడ ఒకటి వ్రాయాలి. అతడు పెనీ లేన్ దగ్గర సెయింట్ బార్నబాస్ దేవాలయపు గాయకబృందములో పాడిన పిల్లవాడు. పదకొండేండ్ల వయస్సులో, 1953లో, లివర్‌పూల్ పెద్ద కథీడ్రలు గాయకబృందములో చేరాలని పరీక్షకు వెళ్ళాడు. తీసుకోలేదు. ముప్పది ఎనిమిదేండ్లు గడిచాయి. 1991 జూన్ 28న అదే కథీడ్రలులో అతడు కూర్చిన లివర్‌పూల్ ఒరటోరియో అనే పెద్ద సంగీతకృతిని ఆ పట్టణపు వాద్యబృందము వినిపించింది. పరీక్ష పెట్టినవారి తప్పు మేము ఎన్నడము లేదు, వారికి కావలసిన గొంతు వేరైయుండవచ్చు. అందరూ కథీడ్రలుకు తిరిగి రారు, అంతే.

లివర్‌పూల్‌కు సముద్రమునకు ఆవలి ఒడ్డున ఐర్లండు దేశపు డబ్లిన్ ఉన్నది. అక్కడ 1976లో మౌంట్ టెంపుల్ అనే పాఠశాలలో లారీ ముల్లెన్ అనే పద్నాలుగేండ్ల పిల్లవాడు, జట్టు కట్టడానికి తోడు కావాలని నోటీసు బోర్డు మీద కాగితము అంటించాడు. వచ్చినవారంతా మొదటిసారి కూడుకొన్నది వాళ్ళ ఇంటి వంటగదిలో! అదే తరువాత యూ టూ అనే జట్టు అయినది. వారిలో పాడే బోనో తల్లి 1974లో, అతనికి పద్నాలుగేండ్లప్పుడు, చనిపోయింది. లారీ తల్లి 1978లో పోయింది. ఇక్కడ కూడ అదే కథ చూడండి. వారిలో ముగ్గురు షాలోమ్ అనే ప్రార్థన సహవాసములో చేరి శ్రద్ధగా బైబిలు చదివేవారు. 1981 ప్రాంతమున ఆ సహవాసములో, సంగీతమో ప్రభువో తేల్చుకొమ్మన్నట్టు వారి మీద ఒత్తిడి వచ్చింది. వారు చాలా బాధపడ్డారు, జట్టు విడిచిపెడదామని కూడ ఆలోచించారు. చివరకు సహవాసమును విడిచారు. అయితే 1983లో వారు తెచ్చిన వార్ అనే రికార్డులో కడపటి పాట 40వ కీర్తన ఆధారముగా వ్రాసినది. ఎన్నో ఏండ్లు తమ సభలను ఆ పాటతోనే ముగించారు, జనము దానిని పాడుకొంటూ ఇళ్ళకు పోయేవారు. బయటికి పోయినవారు కీర్తన తమతో తీసుకొనిపోయారు.

సాతాను వాద్యమన్న పెద్దగారికి ఒక మాట. మన ఆరాధనలో హార్మోనియము లేనిది పాట ఎత్తము. అది యూరపు నుండి వచ్చిన పెట్టె. శ్రుతి సరిగా పలకదని, మన సంగీతమునకు తగదని ఆకాశవాణివారు 1940లో దానిని నిషేధించి, 1971 వరకు ఆ నిషేధము నడిపించారు. ఆ ముప్పదియొక ఏండ్లు మన చర్చిలలో అది మోగుతూనే ఉంది గదా! దావీదు సంగతి చూడండి. 1 సమూయేలు 16వ అధ్యాయములో, అతడు సితారా వాయింపగలడని సౌలు సేవకులకే తెలుసు. గొఱ్ఱెల దగ్గర ఉండే పిల్లవానికి ఆ సితారా ఎవరు ఇచ్చారు, ఎక్కడ కూర్చొని నేర్చుకొన్నాడు, పొలములో ఆ మోతకు యెష్షయి ఏమన్నాడు? లేఖనము చెప్పలేదు. పొయ్యిలో మాత్రము పెట్టలేదు.

ఇక మేము ఈ ఉత్తరమునకు జవాబు వ్రాయలేకపోయిన కారణము. పదమూడేండ్ల క్రితము మా సంఘములోనే ముగ్గురు పిల్లలు మా దగ్గరకు వచ్చారు. చర్చి వెనుక చాపలు, మైకుసెట్టు పెట్టెలు పెట్టే గది ఒకటున్నది. శనివారము సాయంత్రము రెండు గంటలు ఆ గది ఇమ్మన్నారు. ఒకని దగ్గర గిటారు, ఒకని దగ్గర రిథమ్ ప్యాడు, మూడవవాడు పాడేవాడు. పాటలు ఏవి అని అడిగితే "అన్నీ అయ్యగారూ" అన్నాడు ప్యాడు పిల్లవాడు నవ్వుతూ. ఆ "అన్నీ" అనే మాట మాకు నచ్చలేదు. పెద్దలు కూడ వద్దన్నారు. కరెంటు బిల్లు ఎవరు కడతారన్నారు. ఆదివారము పాటలు ముందు సరిగా నేర్చుకోండి, తరువాత చూద్దాము అని మేము పంపివేశాము. ఆ రోజు చాలా వివేకముగా ప్రవర్తించామనే అనుకున్నాము. అప్పటికి ఆ ప్యాడు పిల్లవాని తల్లిని మేమే సమాధి చేసి ఏడు నెలలు. ఆ రెండు సంగతులు ఒకదానితో ఒకటి కలిపి చూడడము మాకు తోచలేదు.

ముగ్గురిలో ఇద్దరు చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఇతడు మాత్రము టౌనులో ఒక ఆర్కెస్ట్రావారితో కలిసి పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో వాయిస్తున్నాడు. తాగుడు కూడ అలవాటైందని విన్నాము. నిరుడు తండ్రి చనిపోతే వచ్చాడు. భూస్థాపన ఆరాధన జరుగుచున్నంతసేపు చర్చి లోపలికి రాలేదు, వేపచెట్టు క్రింద నిలబడ్డాడు. మేము వెళ్ళి చెయ్యి పట్టుకొంటే, "ఏమీ లేదు అయ్యగారూ" అన్నాడు. మాకును మాట రాలేదు.

అమ్మా, మీ ఉత్తరమునకు మా జవాబు ఇది. గిటారు పొయ్యిలో పెట్టనివ్వకండి. మీవారితో మీరే నెమ్మదిగా మాట్లాడండి, మేము కూడ వచ్చి మాట్లాడతాము. ఆ నలుగురు పిల్లలు ఎక్కడ కూడుకొంటున్నారో ముందు తెలుసుకోండి. చోటు లేకపోతే మీ పశువుల కొట్టములో ఒక మూల ఊడ్చి ఇవ్వండి, టీ కాచి ఇవ్వండి. వాయించేది మీ చెవులకు బాగుండదు, మొదటి ఆరు నెలలు ఎవరి చెవులకును బాగుండదు. పరీక్షల నెలలో గిటారు మీ బీరువాలో ఉండాలని ముందే ఒప్పందము చేసుకోండి. వాడు పాడే పాటల మాటలు అడిగి తెలుసుకోండి, చెడ్డమాట ఉంటే అది చెడ్డదని తండ్రి కూర్చోబెట్టి చెప్పాలి, కాని అక్కడ కూర్చొని విన్న తండ్రి చెప్పాలి. మీ పాస్టరుగారికి మేము వేరుగా వ్రాశాము.

మా పెద్దలతో కూడ పోయిన ఆదివారము ఆరాధన తరువాత కూర్చున్నాము. ఇద్దరు ఒప్పుకోలేదు, ముగ్గురు సరే అన్నారు. ఆ వెనుక గది నుండి మైకుపెట్టెలు తీయించి, సున్నము వేయించాము. కరెంటు బిల్లు మా జీతములోనుండి కట్టుకొమ్మన్నాము. ఇప్పటికి ఐదుగురు పిల్లలు పేర్లు ఇచ్చారు, వారిలో ఇద్దరు ఆడపిల్లలు. తాళము వేయాలన్నా ప్యాడు నేర్పే మనిషి కావాలి గదా అని ఒక పిల్ల అడిగింది. మేము ఆ ఆర్కెస్ట్రా అబ్బాయికి ఫోను చేశాము. చాలాసేపు మాట్లాడలేదు. ఈ శనివారము ఏదో పెళ్ళి ప్రోగ్రాము ఉందట. పై శనివారము వీలైతే చూస్తానన్నాడు.